న్యాయగాథలు – 4: హమ్మురాబి నల్లరాయి

1901 డిసెంబరులో, 1902 జనవరిలో ఇరాన్ నైరుతి మూలనున్న సూసా దిబ్బల్లో ఒక నల్లరాతి స్తంభం మూడు ముక్కలుగా బయటపడింది. తవ్వకాలు జరిపింది జాక్ ద మోర్గాన్ నాయకత్వంలోని ఫ్రెంచి బృందం. ముక్కలు అతికించి నిలబెడితే రాయి ఎత్తు 2.25 మీటర్లు తేలింది. పైభాగంలో ఒక శిల్పం, దాని కింద చుట్టూతా సన్నని మేకుల్లాంటి అక్షరాలు. బృందంలోని భాషావేత్త జ్యాఁ విన్సెంట్ షేయ్ అదే 1902లో ఆ రాతను చదివి, అనువదించి ప్రచురించాడు. మూడున్నర వేల ఏళ్లకు పైబడిన బాబిలోన్ రాజు హమ్మురాబి ధర్మశాసనం లోకానికి మళ్లీ తెలిసింది అప్పుడే. ఆ రాయి ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

బాబిలోన్ రాయి సూసాకు చేరింది యుద్ధంలో. క్రీ.పూ. 12వ శతాబ్దంలో ఏలాము రాజు షుత్రుక్-నహున్తే మెసపొటేమియా మీద దండెత్తి, కొల్లగొట్టిన విగ్రహాలతో, శాసనాలతో పాటు దీన్నీ తన రాజధానికి తరలించుకుపోయాడు. తన పేరు చెక్కించుకోవడానికి కాబోలు, రాయి దిగువన కొన్ని వరుసలు చెరిపించాడు. ఆ చోట కొత్తగా ఏదీ చెక్కలేదు. చెరిగిపోయిన సూత్రాల్లో కొన్ని మాత్రం మట్టిపలకల మీది నకళ్ల వల్ల తిరిగి దొరికాయి. షేయ్ వేసిన లెక్క ప్రకారం మొత్తం సూత్రాలు 282. నేటికీ అదే వరుస సంఖ్య వాడుకలో ఉంది.

కాలువల రాజ్యం

హమ్మురాబి బాబిలోన్ తొలి రాజవంశంలో ఆరో రాజు. పండితులు ఎక్కువగా వాడే కాలగణన ప్రకారం అతని పాలన క్రీ.పూ. 1792 నుంచి 1750 వరకు. పశ్చిమం నుంచి వచ్చి మెసపొటేమియా నగరాల్లో స్థిరపడిన అమోరైట్ల వంశం అతనిది. గద్దెనెక్కేనాటికి బాబిలోన్ ఓ మోస్తరు రాజ్యం. చుట్టూ లార్సా, ఎష్నున్నా, మారీ వంటి బలమైన రాజ్యాలు ఉండేవి. దాదాపు ముప్పై ఏళ్లు ఓపికగా పొత్తులు నడిపి, కాలువలు తవ్వించి, గోడలు కట్టించి, ఆ తర్వాత కొద్ది సంవత్సరాల్లోనే ఆ మూడింటినీ లొంగదీసుకున్నాడు. నల్లరాయి ఈ విజయాల తర్వాతిది, అంటే పాలన చివరి దశలోది. పీఠికలో ఏలుబడిలోకి వచ్చిన నగరాల పేర్లన్నీ ఉండటమే అందుకు సాక్ష్యం.

ఆ దేశంలో వానలు తక్కువ. బార్లీ, నువ్వులు, ఖర్జూరం పండేవంటే అది యూఫ్రటీస్, టైగ్రిస్ నీటి చలవే. నది నుంచి కాలువ, కాలువ నుంచి పిల్లకాలువ, అక్కడి నుంచి పొలం. నీటితో పాటు ఒండ్రు కూడా వచ్చి కాలువలు పూడుకుపోయేవి. ఏటా పూడిక తీయాలి, గట్లు కాచుకోవాలి. రాయి, మంచి కలప, లోహాలు దేశంలో దొరకవు. వాటి కోసం ధాన్యం, ఉన్నిబట్ట, నూనె ఇచ్చి దూరదేశాలతో వర్తకం చేయాలి. నాణేలు లేవు. వెండిని తూచి ఇచ్చేవారు. 180 బార్లీ గింజల ఎత్తు ఒక షెకెల్, 60 షెకెళ్లు ఒక మీనా. షెకెల్ అంటే ఎనిమిది గ్రాముల పైచిలుకు, మీనా అంటే దాదాపు అరకిలో.

ఈ రాజ్యాన్ని హమ్మురాబి ఎంత దగ్గరగా పట్టించుకునేవాడో అతని ఉత్తరాలు చూపిస్తాయి. లార్సాలోని తన అధికారులు సిన్-ఇద్దినమ్‌కు, షమష్-హాజిర్‌కు పంపిన మట్టిపలకల ఉత్తరాలు చాలా దొరికాయి. వాటి నిండా కాలువల పూడికతీత, పొలాల తగాదాలు, లంచాల మీద విచారణలే. ఒక ఉత్తరంలో, సంవత్సరంలో లోటు వచ్చింది కనుక రాబోయే నెలను రెండో ఉలూలు మాసంగా రాయమని ఆదేశం ఉంది. ఉలూలు తర్వాతి తష్రీతు మాసం 25న చేరవలసిన పన్ను ఈ రెండో ఉలూలు 25నే బాబిలోన్‌కు చేరాలని అందులోనే గట్టి హెచ్చరిక. చాంద్రమానాన్ని రుతువులతో కలపడానికి నెలను అదనంగా చేర్చే ఈ పద్ధతి తెలుగు పంచాంగంలోని అధికమాసం లాంటిదే. నెల పెరిగినా పన్ను గడువు మాత్రం పెరగకూడదన్నది రాజు పట్టుదల.

అంతకు ముందే ఉన్న శాసనాలు

ప్రపంచంలో మొట్టమొదటి ధర్మశాసనం హమ్మురాబిదేనని పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం రాశారు. అది నిజం కాదు. అతని కంటే మూడు శతాబ్దాల ముందు, క్రీ.పూ. 2100 ప్రాంతంలో, ఊర్ నగర రాజు ఊర్-నమ్ము పేర సుమేరియన్ భాషలో ఒక శాసనం వెలువడింది. ఇస్తాంబుల్‌లోని ఒక పలకలో దాన్ని గుర్తించి 1952లో లోకానికి తెలిపినవాడు శామ్యూల్ నోవా క్రేమర్. ఆ తర్వాత ఇసిన్ రాజు లిపిత్-ఇష్తార్ శాసనం వచ్చింది. హమ్మురాబి నాటికి కాస్త ముందుగా ఎష్నున్నా సూత్రాలు వచ్చాయి.

ఈ పాత శాసనాల్లో ఒంటి గాయానికి శిక్ష ఎక్కువగా జరిమానాయే. ఊర్-నమ్ము శాసనంలో కన్ను పోగొడితే అర మీనా వెండి, ఎష్నున్నాలో ఒక మీనా వెండి. కంటికి కన్ను అనే ప్రతీకార శిక్షను కొన్ని సందర్భాలకు తెచ్చింది వాటి తర్వాత వచ్చిన హమ్మురాబి శాసనం. అనాగరికమైన ప్రతీకారం ముందు పుట్టిందనీ, మెత్తని జరిమానాలు తర్వాత వచ్చాయనీ అనుకోవడం సహజం. మెసపొటేమియాలో వరుస తలకిందులుగా ఉంది. అమోరైట్ తెగల ఆచారమే శాసనంలోకి వచ్చిందని కొందరు పండితుల అభిప్రాయం. సమాన హోదా ఉన్నవారి మధ్య డబ్బుతో తీరని పరువు సంగతిగా గాయాన్ని చూశారని మరికొందరు అంటారు.

రాయి మీది కూర్పు

శిల్పంలో న్యాయానికి అధిదేవత అయిన సూర్యుడు షమష్ సింహాసనం మీద కూర్చుని ఉంటాడు. కొమ్ముల కిరీటం, భుజాల మీద నుంచి లేచే జ్వాలలు. ఎదురుగా హమ్మురాబి కుడిచేయి నోటి దగ్గరకు ఎత్తి భక్తిగా నిలబడి ఉంటాడు. దేవుడి చేతిలో ఒక కర్ర, ఒక వలయం. అవి కొలకర్ర, కొలతాడు అని కొందరి ఊహ. ఎవరి భాగం ఎంతో సరిగా కొలిచి ఇవ్వడమే న్యాయమనే భావన ఆ బొమ్మలో ఉందన్నమాట.

శాసనం మూడు భాగాలు. పీఠిక పద్యధోరణిలో సాగుతుంది. బలవంతుడు బలహీనుణ్ణి పీడించకుండా చూడటానికే దేవతలు తనను రాజును చేశారని హమ్మురాబి అందులో చెప్పుకుంటాడు. నడుమ సూత్రాలు, చివర ముగింపు. అన్యాయానికి గురైనవాడు ఈ రాతి ముందుకు వచ్చి రాత చదివించుకుని వినాలని, తన వ్యాజ్యానికి దారి తెలుసుకుని మనసు నెమ్మదింపజేసుకోవాలని ముగింపు భాగం ఆహ్వానిస్తుంది. దిక్కులేని బిడ్డను, విధవరాలిని కాపాడటమే తన ఉద్దేశమని రాజు అక్కడ మళ్లీ అంటాడు. రాతను చెరిపే రాజు మీద దేవతల పేర శాపాలు గుప్పిస్తాడు. తెలుగునేల మీది దానశాసనాల చివర కనిపించే శాపవాక్యాలు చదివినవారికి ఈ ధోరణి కొత్తగా అనిపించదు.

సూత్రాలన్నీ అక్కాదియన్ భాషలో ఒకే తీరున మొదలవుతాయి: ‘షుమ్మా’, అంటే ‘ఒకవేళ’. ఒకవేళ ఫలానావాడు ఫలానా పని చేస్తే, ఫలానా ఫలితం. సాధారణ సిద్ధాంతాలు ఎక్కడా లేవు. నేరం అంటే ఏమిటి, ఆస్తి అంటే ఏమిటి అనే నిర్వచనాలూ లేవు. అన్నీ ఒక్కొక్క సందర్భమే.

మనిషి విలువ మూడు తూకాల్లో

శాసనంలో మనుషులు మూడు తరగతులు. ‘అవీలుమ్’ అంటే పూర్తి హక్కులున్న స్వతంత్రుడు. ‘ముష్కేనుమ్’ స్వతంత్రుడే అయినా ఒక మెట్టు కింద ఉన్నవాడు. ‘వర్దుమ్’ బానిస, స్త్రీ అయితే ‘అమ్తుమ్’. ‘కంటికి కన్ను, పంటికి పన్ను’ అనే ప్రసిద్ధ న్యాయం అవీలుమ్ మరో అవీలుమ్‌ను గాయపరిచినప్పుడే వర్తిస్తుంది (సూత్రాలు 196, 200). అదే అవీలుమ్ ముష్కేనుమ్ కన్ను పోగొడితే ఒక మీనా వెండి ఇస్తే సరి (198). బానిస కన్ను పోతే బానిస వెలలో సగం కట్టాలి (199). ఆ సొమ్ము యజమానికే.

ఒక మీనా అంటే ఎంతో తెలియాలంటే అదే శాసనంలోని కూలిరేట్లు చూడాలి. 273వ సూత్రం ప్రకారం కూలివాడికి ఏడాదిలో మొదటి ఐదు నెలలు రోజుకు ఆరు గింజల ఎత్తు వెండి, మిగతా నెలల్లో ఐదు గింజలు. రోజుకు ఆరు గింజల చొప్పున ముప్పై రోజులు పనిచేస్తే వచ్చేది ఒక షెకెల్. అంటే ఒక మీనా కూడబెట్టాలంటే కూలివాడు పైసా ఖర్చు చేయకుండా ఐదేళ్లకు పైగా రెక్కలు ముక్కలు చేసుకోవాలి. పేదవాడి కన్నుకు ఇచ్చే సొమ్ము చిన్నదేమీ కాదు. అయినా సొమ్ము సొమ్మే, కన్ను కన్నే. ధనికుడు డబ్బుతో బయటపడగల దారి, అవతలివాడు తక్కువవాడైనప్పుడే తెరుచుకుంటుంది. బలహీనుణ్ణి కాపాడతానన్న రాజు మాటకూ, బలహీనుడి ఒంటికి తక్కువ ధర కట్టిన సూత్రానికీ మధ్య ఉన్న ఈ దూరమే ఆ సమాజపు అసలు స్వరూపం.

బానిసలకు గుర్తుగా జుట్టు ఒక ప్రత్యేక తీరులో ఉంచేవారు. యజమానికి తెలియకుండా ఆ గుర్తు గొరిగిన మంగలి చేయి నరకాలని 226వ సూత్రం. పారిపోయిన బానిసను ఇంట్లో దాచినవాడికి మరణశిక్ష. ‘నువ్వు నా యజమానివి కాదు’ అన్న బానిస చెవి కోయాలన్నది చిట్టచివరి సూత్రం. మరోవైపు రాజభవనపు బానిస గానీ, ముష్కేనుమ్ బానిస గానీ అవీలుమ్ కూతురిని పెళ్లాడవచ్చు. వాళ్ల పిల్లలు స్వతంత్రులే (175).

నీరు, పొలం, అప్పు

శాసనంలో అన్నిటికంటే జీవం ఉన్న భాగం పొలాలది. తన గట్టును బలపరచడంలో బద్ధకించి గండి పడనిచ్చి, ఇరుగుపొరుగు చేలు ముంచినవాడు నష్టపోయిన ధాన్యం కట్టాలి (53). కట్టలేకపోతే అతణ్ణీ అతని సొత్తునూ అమ్మి, నష్టపోయిన రైతులందరూ ఆ సొమ్ము పంచుకుంటారు (54). ఒక్కడి అశ్రద్ధ ఊరందరి పంటనూ తీసుకుపోయే చోట గట్టు కాయడం సొంత పనిగా మిగలలేదు.

అప్పు మరో పెద్ద భయం. ధాన్యం అప్పుకు వడ్డీ మూడోవంతు, వెండి అప్పుకు అయిదోవంతు అని శాసనం హద్దు పెట్టింది. 48వ సూత్రం రైతు పక్షాన నిలుస్తుంది. వరద పొలాన్ని ముంచినా, నీరందక పైరు ఎండినా ఆ ఏడు రైతు అప్పులవాడికి ధాన్యం ఇవ్వనక్కరలేదు, ఆ ఏటి వడ్డీ కూడా లేదు. అప్పుపత్రం మట్టిపలక కనుక, దాన్ని ‘తడపవచ్చు’ అంటుంది సూత్రం. మట్టిని నీటితో మెత్తబరిచి పాత షరతు మార్చుకోవచ్చన్నమాట. పొలానికి నీళ్లు రాని ఏడు పత్రానికి నీళ్లు తగులుతాయి.

అప్పు తీర్చలేనివాడు భార్యను, కొడుకును, కూతురిని అప్పులవాడి ఇంట పనికి పెడితే మూడేళ్లు మాత్రమే. నాలుగో ఏట వాళ్లను విడిచిపెట్టాలి (117). అలా పెట్టిన మనిషి దెబ్బల వల్ల గానీ తిండి లేక గానీ చనిపోతే, చచ్చినవాడు అప్పు పడినవాడి కొడుకైతే అప్పు ఇచ్చినవాడి కొడుకును చంపాలని 116వ సూత్రం. తండ్రి చేసిన పాపానికి కొడుకు ప్రాణం పోయే ఈ తీర్పు భయంకరమైనదే. అయినా అప్పు పేరుతో సాగే హింస ఎంత మామూలో అదే చెబుతుంది.

సూత్రాలకు తోడు మరో ఆచారం ఉండేది. బాబిలోన్ రాజులు గద్దెనెక్కిన తొలినాళ్లలోనూ, మధ్యమధ్యనూ ‘మీషరుమ్’ అనే ఆజ్ఞలు వెలువరించేవారు. బతుకుతెరువు కోసం చేసిన అప్పులు, పన్నుబకాయిలు వాటితో రద్దయ్యేవి. ఈ వంశంలో హమ్మురాబి తర్వాత నాలుగో రాజైన అమ్మిసదుఖా వెలువరించిన ఆజ్ఞ పాఠం చాలావరకు మిగిలి ఉంది. వ్యాపారం కోసం చేసిన అప్పులకు ఈ మాఫీ వర్తించదు.

పనివాడి బాధ్యత

వృత్తిపనివారి సూత్రాల్లో ప్రతిఫలం, పూచీ పక్కపక్కనే ఉంటాయి. కంచు కత్తితో కోసి అవీలుమ్ ప్రాణం నిలిపిన వైద్యుడికి 10 షెకెళ్లు, ముష్కేనుమ్ అయితే 5, బానిస అయితే 2 (215–217). అవీలుమ్ చనిపోతే వైద్యుడి చేయి నరకాలి (218). పశువైద్యుడికి షెకెల్‌లో ఆరోవంతు. కట్టిన ఇల్లు కూలి యజమాని చనిపోతే మేస్త్రీకి మరణశిక్ష (229). యజమాని కొడుకు చనిపోతే మేస్త్రీ కొడుకుకు (230). గోడ ఒరిగితే మేస్త్రీ తన ఖర్చుతో మళ్లీ గట్టిగా కట్టాలి (233). పడవ కట్టేవాడు సరిగా బిగించక ఏడాదిలోపు లోపం బయటపడితే దాన్ని విప్పి తన సొమ్ముతో బాగుచేసి ఇవ్వాలి (235).

వీధిలో పోతున్న ఎద్దు మనిషిని పొడిచి చంపితే యజమానిది తప్పు కాదు (250). అది పొడిచే ఎద్దని ఊరివాళ్లు ముందే చెప్పినా కొమ్ములకు అడ్డు కట్టకుండా, ఎద్దును కట్టేయకుండా ఉంటే అర మీనా వెండి కట్టాలి (251). తెలిసి చేసిన అశ్రద్ధకూ తెలియక జరిగినదానికీ భేదం చూపే ఈ సూత్రం ఎష్నున్నాలోనూ ఉంది, శతాబ్దాల తర్వాత హీబ్రూ బైబిల్ నిర్గమకాండంలోనూ ఉంది.

ఇల్లు, స్త్రీ

పెళ్లికి ఒప్పందం తప్పనిసరి. ఒప్పందం లేకుండా తెచ్చుకున్నది భార్య కాదు (128). వరుడి వైపు నుంచి కన్యాశుల్కం, పుట్టింటి నుంచి స్త్రీధనం, రెండూ ఉండేవి. పిల్లలు కనని భార్యను విడిచిపెట్టాలంటే కన్యాశుల్కానికి సమానమైన వెండి ఇచ్చి, స్త్రీధనం తిరిగి ఇవ్వాలి (138). కన్యాశుల్కం లేని పెళ్లయితే ఒక మీనా వెండి (139). జబ్బుపడిన భార్య ఉండగా మగవాడు మరొకతెను చేసుకోవచ్చు. మొదటి భార్యను మాత్రం వెళ్లగొట్టకూడదు. ఆమె బతికినంతకాలం ఇంట్లో ఉంచి పోషించాలి (148). భర్తను నిరాకరించిన స్త్రీ విషయంలో ఆమె నడవడిని ఊరు విచారించాలి. ఆమె తప్పులేదని, భర్తే తిరుగుబోతని, ఆమెను చులకన చేస్తాడని తేలితే స్త్రీధనంతో పుట్టింటికి వెళ్లిపోవచ్చు (142). తేలకపోతే ఆమెను నీళ్లలోకి తోయాలి (143). హక్కుకూ చావుకూ మధ్య ఒక్క విచారణే అడ్డు.

సిప్పర్ నగరంలో ‘నదీతుమ్’ అనే స్త్రీలు షమష్ దేవుడికి అంకితమై ప్రత్యేక ప్రాకారంలో ఉండేవారు. వాళ్లు పిల్లలను కనకూడదు. అయితే పొలాలు కొనడం, కౌలుకివ్వడం, అప్పులివ్వడం వాళ్లకు మామూలు. వాళ్ల ఒప్పందపత్రాలు వందలకొద్దీ దొరికాయి. పుట్టింటి ఆస్తిలో వాళ్ల వాటా గురించి శాసనంలో వరుసగా సూత్రాలున్నాయి (178–182).

న్యాయసభలు, సాక్ష్యాలు

తీర్పులు చెప్పేది న్యాయమూర్తులు, పెద్దలు, నగరసభ. క్రీ.పూ. 20వ శతాబ్దం చివరి ప్రాంతపు ఒక హత్యకేసు వివరం నిప్పూరులో దొరికింది. ముగ్గురు మగవాళ్లు ఒక పూజారిని చంపారు. చంపిన సంగతి వాళ్లే చెప్పినా అతని భార్య నోరు విప్పలేదు. ఆమె శిక్షార్హురాలా కాదా అని నిప్పూరు సభ వాదించుకుంది. ఆ వాదనలో పాల్గొన్నవారిలో వేటగాడు, కుమ్మరి, తోటమాలి కూడా ఉన్నారు. న్యాయం చెప్పే చోట మామూలు పనివాళ్ల గొంతూ వినిపించేది.

అన్ని వ్యవహారాలకూ పత్రం, సాక్షి, ముద్ర కావాలి. ముఖ్యమైన పలకను మరో మట్టిపొరలో చుట్టి, పైపొర మీద కూడా అదే ఒప్పందం రాసేవారు. పైపొర మీది రాతను ఎవరైనా మార్చారని తగాదా వస్తే, సభలో పైపొర పగలగొట్టి లోపలి రాత చదివేవారు. సాక్ష్యం దొరకని చోట దేవుడి ముందు ప్రమాణం, కొన్ని నేరాల్లో నదీపరీక్ష. చేతబడి చేశాడన్న ఆరోపణ ఎదుర్కొన్నవాడు నదిలో దూకాలి. నది మింగితే ఆస్తి ఆరోపించినవాడిది. ప్రాణాలతో బయటపడితే ఆరోపించినవాడికి మరణశిక్ష, అతని ఇల్లు నిర్దోషికి (2). హత్యానేరం మోపి రుజువు చేయలేనివాడికీ చావే (1). తీర్పు రాసి ముద్ర వేశాక దాన్ని మార్చిన న్యాయమూర్తి వ్యాజ్యపు మొత్తానికి 12 రెట్లు కట్టి, పీఠం నుంచి శాశ్వతంగా దిగిపోవాలి (5).

దోపిడీదారు దొరక్కపోతే నష్టపోయినవాడు తన నష్టాన్ని దేవుడి ముందు ప్రమాణం చేసి చెప్పాలి. ఆ నష్టాన్ని ఊరు, ఊరి అధికారి పూడ్చాలి (23). ప్రాణం పోతే ఒక మీనా వెండి బంధువులకు ఇవ్వాలి (24). కాపాడలేకపోయిన పాలకుడే పరిహారం చెల్లించాలన్న ఈ ఆలోచన నేటికీ పాతబడలేదు.

చట్టమా, ఆదర్శమా?

ఆ కాలపు వ్యాజ్యపత్రాలు వేలకొద్దీ ఉన్నా, ఈ సూత్రాన్ని బట్టి ఈ తీర్పు అని నల్లరాయిని ఉటంకించే అలవాటు వాటిలో కనిపించదు. కొన్ని కూలిరేట్లు, శిక్షలు కూడా పత్రాల్లోని వాటికి సరిపోలవు. అందుకే ఫ్రిట్జ్ క్రౌస్, జ్యాఁ బొతేరో వంటి పండితులు దీన్ని న్యాయస్థానాలను కట్టిపడేసే చట్టంగా చూడలేదు. శకునగ్రంథాలు, వైద్యగ్రంథాలు కూడా ‘ఒకవేళ ఇలా ఉంటే ఇలా’ అనే వరుసలోనే సాగుతాయి. అదే పద్ధతిలో న్యాయశాస్త్రం గురించి లేఖకులు కూర్చిన గ్రంథం ఇదనీ, తాను న్యాయవంతుడైన రాజునని దేవతలకూ రాబోయే తరాలకూ చూపించడానికి హమ్మురాబి దాన్ని రాతికెక్కించాడనీ వాళ్ల వాదన. నిజంగా అమలైన ఆచారాలు చాలా ఇందులో ఉన్నాయని ఇతరులు గుర్తుచేస్తారు. రెండూ కలిపి చూస్తేనే రాయి అర్థమవుతుంది. అది జరిగిన తీర్పుల జాబితా కాదు, గాలిలోంచి అల్లిన కల్పనా కాదు. ఆ సమాజం దేనికి భయపడేదో, దేన్ని న్యాయమనుకునేదో చెప్పే వాంగ్మూలం.

క్రీ.పూ. 1595లో హిట్టైట్ రాజు ముర్షిలి దండెత్తి బాబిలోన్‌ను కొల్లగొట్టడంతో హమ్మురాబి వంశం ముగిసింది. శాసనం మాత్రం మిగిలింది. వెయ్యేళ్లకు పైగా లేఖకుల బడుల్లో విద్యార్థులు దాన్ని పలకల మీద నకలు రాస్తూ వచ్చారు. క్రీ.పూ. 7వ శతాబ్దంలో అషుర్‌బనిపాల్ నినెవేలో కూర్చిన గ్రంథాలయంలోనూ దాని ప్రతులున్నాయి.

రాతి మీద హమ్మురాబి చెక్కించినవి రెండు. అధికారం బలహీనుడికి జవాబు చెప్పుకోవాలన్న మాట మొదటిది. మనిషి తరగతిని బట్టి అతని కంటికీ ప్రాణానికీ ధర కట్టిన పట్టిక రెండోది. ఆ రెండూ ఒకే రాతి మీద, ఒకే దేవుడి బొమ్మ కింద ఉన్నాయి. ఆ తర్వాత పుట్టిన ధర్మశాసనాలెన్నో మొదటి మాటను నిలబెట్టుకుంటూనే రెండోదాన్ని తమతమ పేర్లతో రాసుకున్నాయి. కంటికీ కంటికీ భేదం లేదని చట్టం చెప్పడానికి మానవజాతికి ఇంకా చాలా శతాబ్దాలు పట్టింది.